కోడింగ్ సిద్ధాంతం, క్రిప్టాలజీ: డిగ్రీ విద్యార్థులకు ఒకే పేపరుగా ఎలా చెప్పాలి?

నమస్కారం. డిగ్రీ మూడో సంవత్సరం వాళ్ళకు కోడింగ్ సిద్ధాంతాన్నీ (సందేశంలో దొర్లే తప్పులను పట్టుకుని దిద్దే గణితం) క్రిప్టాలజీనీ (సందేశాన్ని రహస్యంగా, మోసం జరగకుండా కాపాడే విద్య) కలిపి ఒకే సెమిస్టరులో చెప్పమని మీకు అప్పగించారనీ, క్లాసులో సగం మంది ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళనీ, సమూహాలు, వలయాలు, క్షేత్రాల నిర్వచనాలు వాళ్ళకు కంఠస్థంగా వచ్చుగానీ వాటితో ఏం చేయాలో తెలియదనీ రాశారు. ఏది ముందు చెప్పాలి, బీజగణితం ఎంత అవసరం, నిరూపణలు చేయించాలా, కంప్యూటర్ ల్యాబు సరిగా లేకపోతే ఎలా అన్నవి మీ నాలుగు ప్రశ్నలు. ఈ రెండు విషయాలనూ మొదట్లో విడివిడిగానూ తరవాత కలిపీ చాలా ఏళ్ళుగా చెబుతున్నాను కాబట్టి, నాకు ఫలితమిచ్చిన పద్ధతిని వివరంగా రాస్తాను.

మొదటి ప్రశ్నకు నా జవాబు స్పష్టం: కోడింగ్ ముందు, క్రిప్టాలజీ తరవాత. విద్యార్థులకు రహస్యలిపి అంటే ఉత్సాహం ఎక్కువ కాబట్టి దానితో మొదలుపెట్టాలని అందరికీ అనిపిస్తుంది. నేను తొలి రెండేళ్ళూ అలాగే చేశాను. సీజర్, విజనేర్ అనే పాత రహస్యలిపి పద్ధతులతో నెల గడిచింది. ఆర్ఎస్ఏ (ప్రధాన సంఖ్యల మీద నడిచే బహిరంగ తాళంచెవి పద్ధతి) అయ్యేసరికి సెమిస్టరులో మూడు వారాలే మిగిలాయి. పరిమిత క్షేత్రాలను (లెక్కపెట్టదగినన్ని మూలకాలే ఉండి, కూడిక నుంచి భాగహారం దాకా అన్నీ సాగే వ్యవస్థలను) ఆ మూడు వారాల్లో ముగించాల్సి వచ్చింది. ఆ ఏడాది వైవాలో బాగా చదివే అమ్మాయిని, పంపిన సందేశాన్ని దారిలో ఎవరూ మార్చకుండా ఉండాలంటే ఏం చేయాలని అడిగితే, సీఆర్‌సీ (ప్రసారంలో దొర్లే తప్పులను పట్టే తనిఖీ సంఖ్య) జతచేస్తే చాలని జవాబిచ్చింది. ఆ పొరపాటు ఆమెది కాదు, నా బోధనది. దారిలో గీతలు పడటం వల్ల మారిన సందేశమూ, తెలివైన మనిషి కావాలని మార్చిన సందేశమూ వేరు వేరు సమస్యలని నేను ఆమెకు ఎక్కడా చెప్పలేదు. ఈ పేపరు మొత్తానికి వెన్నెముక ఆ తేడాయేనని ఇప్పుడు నా అభిప్రాయం.

ఆ తేడాను మొదటి రోజే చూపించవచ్చు. కళాశాల పేరు పెట్టి క్యూఆర్ కోడ్‌ను అత్యధిక దిద్దుబాటు స్థాయిలో తయారుచేసి, పది పదిహేను కాగితాల మీద ముద్రించి పట్టుకెళ్ళండి. ఒక్కో బెంచీకి ఒక కాగితం, ఒక నల్ల స్కెచ్ పెన్ను ఇచ్చి, మధ్యభాగం నుంచి కొంచెం కొంచెంగా నల్లబరుస్తూ ప్రతిసారీ ఫోనుతో స్కాన్ చేయమనండి. కొంతదూరం దాకా ఫోను చక్కగా చదువుతుంది, తరవాత ఒక్కసారిగా మానేస్తుంది. క్యూఆర్‌లో నాలుగు దిద్దుబాటు స్థాయిలున్నాయి. వాటిలో సుమారు 7, 15, 25, 30 శాతం మేరకు చెడిన కోడ్‌పదాలను (ఎనిమిది బిట్ల ముక్కలను) తిరిగి రాబట్టవచ్చని అప్పుడు చెప్పండి. ఎవరో ఒకరు మూలనున్న పెద్ద చదరాన్ని నల్లబరుస్తారు, అది వెంటనే పనిచేయడం మానేస్తుంది. ఆ చదరం ఫోనుకు బొమ్మ ఎక్కడుందో చూపించే గుర్తు మాత్రమేననీ, క్యూఆర్‌లో తప్పులు దిద్దే రీడ్–సాలమన్ కోడ్ కాపాడేది లోపలి సమాచారాన్నేననీ వాళ్ళకు అర్థమయ్యేందుకు ఆ పొరపాటు జరగడమే మంచిది.

ఇంతవరకూ అయ్యాక రెండో సగం మొదలుపెట్టండి. వీధి చివర టీకొట్టులో డబ్బు చెల్లించే క్యూఆర్ స్టిక్కరు అంచు చిరిగినా, మీద టీ ఒలికినా పనిచేస్తుంది. అదే స్టిక్కరు మీద రాత్రిపూట ఎవరో తన ఖాతా ఉన్న స్టిక్కరు అతికించి పోతే ఏమవుతుందని అడగండి. ఆ దొంగ స్టిక్కరు కూడా లోపమేమీ లేని కోడే కాబట్టి దిద్దుబాటు గణితం అతనికీ అంతే నమ్మకంగా పనిచేస్తుంది. చిరుగును కోడ్ ఎదుర్కొంటుంది. మోసాన్ని ఎదుర్కోవడానికి తాళంచెవి కావాలి. ఈ ఒక్క ఉదాహరణను సెమిస్టరు పొడవునా వెనక్కి తిరిగి చూపించవచ్చు.

ఇది విద్యార్థులు మాత్రమే చేసే పొరపాటు కాదని కూడా చెప్పండి. 1997లో వచ్చిన వైఫై ప్రమాణంలో వెప్ అనే భద్రతా పద్ధతి ఉండేది. సందేశం మారలేదని నిర్ధారించుకోవడానికి అందులో 32 బిట్ల సీఆర్‌సీని వాడారు. సీఆర్‌సీ రేఖీయమైనది, అంటే సందేశంలో మార్పు తెలిస్తే సీఆర్‌సీలో మార్పూ తెలుస్తుంది. వెప్‌లో వాడిన ఆర్‌సీ4 గూఢలేఖనం కూడా సందేశానికి కీ ప్రవాహాన్ని (కీ నుంచి పుట్టే బిట్ల వరసను) ఎక్స్‌ఆర్ చేయడమే, అంటే రెండు బిట్లూ ఒకటే అయితే 0, వేరైతే 1 రాయడమే. అందువల్ల సందేశంలో తాను మార్చదలచుకున్న బిట్లకు తగ్గట్టు సీఆర్‌సీ ఎంత మారాలో దాడిచేసేవాడు కీ తెలియకుండానే లెక్కకట్టి, రెండింటినీ కలిపి మార్చేయగలడు. 2001 నాటికి పరిశోధకులు ఈ లోపాన్నీ, ఆర్‌సీ4ను వాడిన తీరులోని మరో పెద్ద లోపాన్నీ బయటపెట్టారు. రేఖీయత అనే ఒకే గుణం కోడింగ్‌లో వరమనీ, క్రిప్టాలజీలో ప్రమాదమనీ ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

మొదటి రెండు వారాలు తనిఖీ అంకెలకే ఇవ్వండి. ఇది చిన్నపిల్లల పాఠంలా కనిపిస్తుందిగానీ, నిర్వచనాలుగా మాత్రమే తెలిసిన బీజగణితం ఇక్కడే ప్రాణం పోసుకుంటుంది. పుస్తకాల మీద ఉండే పాత పది అంకెల ఐఎస్‌బీఎన్ 11తో భాగించిన శేషం మీద నడుస్తుంది. 11 ప్రధాన సంఖ్య కాబట్టి ఒక అంకె తప్పు రాసినా, రెండు అంకెలు తారుమారైనా పట్టుకుంటుంది. 2007 నుంచి వాడుకలో ఉన్న పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్‌లో అంకెలను వరసగా 1, 3తో గుణించి 10తో భాగించిన శేషం చూస్తారు. పక్కపక్కనున్న అంకెల మధ్య తేడా 5 అయితే, అంటే 1, 6 తారుమారైతే, ఇది పట్టుకోలేదు. ఎందుకు పట్టుకోలేదో విద్యార్థులనే కనుక్కోమంటే, మాపకం (భాగించే సంఖ్య) 10 అయినప్పుడు శూన్య భాజకాలు (2, 5 లాగా తాము సున్నా కాకున్నా గుణిస్తే సున్నా శేషమిచ్చేవి) ఉంటాయన్న పాఠం వాళ్ళ చేతుల్లోనే తయారవుతుంది.

ఆధార్ సంఖ్యలో పన్నెండో అంకె వెర్‌హోఫ్ పద్ధతిలో వచ్చే తనిఖీ అంకె. 1969లో వెర్‌హోఫ్ ప్రతిపాదించిన ఈ పద్ధతి సమ పంచభుజి సౌష్ఠవాల సమూహాన్ని, అంటే పది మూలకాలున్న డైహెడ్రల్ సమూహాన్ని, వాడుకుంటుంది. ఆ సమూహంలో వినిమయ ధర్మం లేకపోవడం వల్లనే పక్క అంకెల తారుమారును పూర్తిగా పట్టుకోవడం సాధ్యమైంది. వినిమయం కాని సమూహం ఎందుకు నేర్చుకోవాలని బీజగణితం క్లాసులో అడిగి జవాబు దొరకని పిల్లలు ఈ రోజున ఒక్కసారి తలెత్తి చూస్తారు. ఒక జాగ్రత్త: అభ్యాసానికి ఎవరి అసలు ఆధార్ సంఖ్యనూ బోర్డు మీద రాయించకండి, కల్పిత సంఖ్యలే ఇవ్వండి.

మూడో వారంలో హామింగ్ కోడ్. 1948లో షానన్ సమాచార సిద్ధాంతానికి పునాది వేసినప్పుడు హామింగ్ కూడా బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసేవారు. వారాంతంలో మనుషులు లేనప్పుడు రిలే కంప్యూటరు తప్పు కనిపెట్టగానే ఆ పనిని వదిలేసి తరవాతి పనికి వెళ్ళిపోయేది. తప్పు ఉందని కనిపెట్టగలిగిన యంత్రం అది ఎక్కడుందో కనిపెట్టి సరిదిద్దుకోలేదా అన్న విసుగులోంచి 1950 నాటి ఆయన వ్యాసం పుట్టింది. ఈ కథ చెప్పి, ఏడుగురు విద్యార్థులను ముందుకు పిలిచి వరసగా నిలబెట్టండి. చేయి ఎత్తితే 1, దించితే 0. మూడు, అయిదు, ఆరు, ఏడు స్థానాల్లో సమాచారం 1, 0, 1, 1 పెట్టండి. ఒకటో స్థానం 1, 3, 5, 7లను సరిసంఖ్య చేయాలి, రెండోది 2, 3, 6, 7లను, నాలుగోది 4, 5, 6, 7లను. అప్పుడు వరస 0, 1, 1, 0, 0, 1, 1 అవుతుంది. మీరు బోర్డు వైపు తిరిగినప్పుడు ఎవరో ఒకరు చేయి మార్చాలి. ఆరో విద్యార్థి మార్చాడనుకుందాం. మొదటి తనిఖీ సరిపోతుంది, రెండోదీ నాలుగోదీ తప్పుతాయి. రెండూ నాలుగూ కలిపితే ఆరు. మీరు వెనక్కి తిరిగి ఆరో విద్యార్థి వైపు వేలు చూపించగానే క్లాసు ఆశ్చర్యపోతుంది.

ఇక్కడితో ఆపేస్తే పాఠం సగమే అవుతుంది. మళ్ళీ ఆట ఆడి ఈసారి ఇద్దరిని, మూడో వాణ్ణీ ఆరో వాణ్ణీ, మార్చమనండి. తనిఖీలు అయిదో స్థానాన్ని చూపిస్తాయి. మీరు ఏ తప్పూ చేయని అయిదో విద్యార్థి చేయి మార్పించి, రెండు తప్పులను మూడు చేస్తారు. కోడ్ తన సామర్థ్యం దాటినప్పుడు ఊరుకోదు, పూర్తి ధీమాతో తప్పు జవాబిస్తుంది. కనిష్ఠ దూరం 3 (ఏ రెండు కోడ్‌పదాలైనా కనీసం మూడు స్థానాల్లో తేడాపడతాయి) అన్న మాటకు అర్థం ఈ అనుభవం తరవాత చెబితేనే మనసుకు ఎక్కుతుంది. ఆ వెంటనే గోళాల లెక్కతో హామింగ్ హద్దును (ఒక కోడ్‌లో ఎన్ని కోడ్‌పదాలు పట్టగలవన్న పరిమితిని) నిరూపించండి: 16 కోడ్‌పదాలు, ఒక్కోదానికీ అదీ, దానితో ఒక్క బిట్ తేడా ఉన్నవీ కలిపి 8 పదాలు, మొత్తం 128. ఏడు బిట్ల పదాలు కూడా సరిగ్గా 128. ఖాళీ మిగల్లేదు.

హద్దుల పాఠంలో సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్.రావు గారిని తప్పక ప్రస్తావించండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చదివిన ఆయన 1940 దశకంలో ప్రయోగ రూపకల్పన కోసం ప్రతిపాదించిన ఆర్తోగనల్ ఎర్రేలు అనే పట్టికలకు కోడ్‌లతో ద్వంద్వ సంబంధం ఉంది. వాటికి ఆయన ఇచ్చిన హద్దు ఆ సంబంధంలో హామింగ్ హద్దుకు జోడీగా నిలుస్తుంది. ఒకటికి మించిన తప్పులను దిద్దే బీసీహెచ్ కోడ్‌ల పేరులోని బోస్, రే-చౌధురి కూడా భారతీయ సంఖ్యాశాస్త్ర సంప్రదాయం నుంచి వెళ్ళినవాళ్ళే. పిల్లలకు ఈ పేర్లు దూరదేశపు పేర్లుగా ఉండిపోకూడదు.

తరవాతి మూడు వారాలు పరిమిత క్షేత్రాలు, రీడ్–సాలమన్ కోడ్‌లు. నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే, ఎందుకంటే కోడింగ్ నుంచి క్రిప్టాలజీకి దాటే వంతెన ఇక్కడుంది. 256 మూలకాల క్షేత్రంలోకి ఒక్కసారిగా దూకకండి. ముందు 7తో భాగించిన శేషాలతో చేయండి. పంపాల్సిన సమాచారం 3, 2 అనుకుందాం. ఒక సంఖ్యను 2తో గుణించి 3 కలపడం మన సరళరేఖ. దానికి 0, 1, 2, 3, 4 ఇస్తే వచ్చే విలువలు 3, 5, 0, 2, 4. ఈ అయిదూ పంపుతాం. దారిలో మూడోది చెడి 6 అయింది. అందుకున్నవాడు చేయాల్సిందల్లా అయిదు బిందువుల్లో కనీసం నాలుగింటి గుండా పోయే రేఖను వెతకడమే. రెండు వేరు వేరు రేఖలు ఒక్క బిందువు దగ్గరే కలుస్తాయి కాబట్టి అలాంటి రేఖ మరొకటి ఉండటానికి వీల్లేదు. పదో తరగతి జ్యామితితో రీడ్–సాలమన్ కోడ్ అర్థమైపోయింది.

ఇప్పుడు అదే రేఖను మరో పనికి వాడండి. బ్యాంకు లాకరు తెరవడానికి బ్యాంకువాళ్ళ తాళంచెవీ ఖాతాదారు తాళంచెవీ రెండూ కావాలన్నది అందరికీ తెలుసు. నలుగురిలో ఏ ఇద్దరు కలిసినా తెరుచుకోవాలి, ఒక్కడికి మాత్రం ఏమీ తెలియకూడదంటే ఎలా? రహస్యం 3 అనుకుందాం. సున్నా దగ్గరి విలువ దాచేసి, మిగిలిన 5, 0, 2, 4ను నలుగురికీ ఒక్కొక్కటి ఇవ్వండి. ఇద్దరు కలిస్తే రేఖ దొరుకుతుంది, రహస్యం దొరుకుతుంది. 5 ఉన్నవాడు ఒక్కడే కూర్చుని ఆలోచిస్తే, రహస్యం 0 నుంచి 6 దాకా ఏదైనా కావచ్చు, ఒక్కోదానికి సరిగ్గా ఒక్కో రేఖ ఉంది. అంటే అతనికి తెలిసింది సున్నా. ఇది 1979లో షమీర్ చెప్పిన రహస్య విభజన. ఇది రీడ్–సాలమన్ కోడేనని 1981లో మెక్‌ఎలీస్, సర్వాతే చూపించారు. పరిపూర్ణ గోప్యత అన్న షానన్ భావన కూడా ఈ చిన్న లెక్కలోనే వచ్చేసింది. 1949లో ఆయన నిరూపించిన సిద్ధాంతాన్ని, అంటే పరిపూర్ణ గోప్యతకు కీల సంఖ్య సందేశాల సంఖ్యకంటే తక్కువ ఉండకూడదన్నదాన్ని, ఇక్కడే చెబితే పిల్లలు తమంతట తామే ఊహించగలుగుతారు.

క్రిప్టాలజీ భాగంలో పాత రహస్యలిపులకు ఒక్క వారం చాలు, అదీ తెలుగులో చేయించండి. ఇంగ్లిషులో ఏ అక్షరం ఎక్కువ వస్తుందో పట్టిక చూసి కంఠస్థం చేసి రాసేస్తారు. తెలుగులో అయితే అసలు దేన్ని లెక్కపెట్టాలన్న ప్రశ్న ముందొస్తుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒక అక్షరం, కంప్యూటరుకు ఆరు యూనికోడ్ గుర్తులు, వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో పద్దెనిమిది బైట్లు. ఒక ప్రయోగం చెబుతాను. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. కాబట్టి ఖాళీలు తీసేసిన తెలుగు వాక్యాన్ని అయిదు బైట్ల కీని మళ్ళీ మళ్ళీ వాడి ఎక్స్‌ఆర్ చేసి పిల్లలకిస్తే, ప్రతి మూడో బైటునూ 224తో ఎక్స్‌ఆర్ చేస్తే చాలు, కీ మొత్తం బయటపడుతుంది. 3కూ 5కూ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి కీలోని ప్రతి బైటూ ఎప్పుడో ఒకప్పుడు 224కు ఎదురుపడుతుంది. కీ పొడవు ఆరు అయితే ఏమవుతుందన్నది ఇంటిపనిగా ఇవ్వండి. ఒక బైటు మాత్రమే పట్టే ఖాళీ మధ్యలో వస్తే వరస ఎలా జరుగుతుందన్నది తెలివైనవాళ్ళకు వదిలేయండి.

ఆర్ఎస్ఏ దగ్గర ఒక హెచ్చరిక. పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపించే ఉదాహరణలో ప్రధాన సంఖ్యలు 11, 17, వాటి లబ్ధం 187, బహిరంగ ఘాతం 7, రహస్య ఘాతం 23, సందేశం 88, గూఢ సందేశం 11. లెక్క సరైనదే. అయితే ఆయిలర్ సిద్ధాంతంతో ఇచ్చే మామూలు నిరూపణ సందేశానికీ 187కూ ఉమ్మడి కారణాంకం లేనప్పుడే చెల్లుతుంది. 88లో 11 ఉంది. బోర్డు మీద చేసిన నిరూపణ బోర్డు మీదే ఉన్న ఉదాహరణకు వర్తించదన్నమాట! దీన్ని దాటవేయకండి. 11కూ 17కూ విడివిడిగా ఫెర్మా చిన్న సిద్ధాంతం వాడి, చైనీస్ శేష సిద్ధాంతంతో కలిపితే నిరూపణ పూర్తవుతుంది. ఆ వెంటనే 88, 187ల గసాభా కనుక్కోమనండి. 11 వస్తుంది, 187 కారణాంకాలు తెలిసిపోతాయి, తాళం విరిగిపోతుంది. అసలు పరిమాణాల్లో ఇలాంటి సందేశం అనుకోకుండా తగలడం దాదాపు అసంభవమని ఎందుకు అంటామో అప్పుడు చర్చించవచ్చు. ప్రధాన సంఖ్యల పరీక్ష చెప్పేటప్పుడు 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగర్వాల్‌తో కలిసి ఏకేఎస్ పద్ధతిని కనుగొన్న నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అప్పుడే బీటెక్ పూర్తిచేసినవాళ్ళని చెప్పండి. మీ ఎదురుగా ఉన్నవాళ్ళ వయసే.

ల్యాబు విషయం. ఒక్క కంప్యూటరూ ప్రొజెక్టరూ ఉన్నా నడుస్తుంది. పైథాన్ భాష, సేజ్‌మ్యాథ్ అనే గణిత సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితం, పిల్లల ఫోన్లలో బ్రౌజరులోనూ నడుస్తాయి. నేను తప్పనిసరిగా చేయించే పని ఒకటే: 256 మూలకాల క్షేత్రానికి గుణకార ప్రోగ్రాము రాసి, దాన్నే క్యూఆర్‌కూ, ఏఈఎస్ అనే గూఢలేఖన ప్రమాణానికీ వాడించడం. క్యూఆర్‌లోని బహుపదిని సంఖ్యగా రాస్తే 285, ఏఈఎస్‌లోది 283. క్యూఆర్ క్షేత్రంలో 2 ఘాతాలతో సున్నా కాని 255 మూలకాలూ వస్తాయి. అదే ప్రోగ్రాములో 285ను 283గా మార్చి సంవర్గమాన పట్టిక కట్టబోతే 51 మూలకాల దగ్గర ఆగిపోతుంది. ఏఈఎస్ క్షేత్రంలో 2 జనకం (ఘాతాలతో సున్నా కాని మూలకాలన్నిటినీ ఇచ్చేది) కాదు, 3 జనకం. ప్రోగ్రాము తప్పేమోనని గంటసేపు వెతికి, తప్పు ప్రోగ్రాములో లేదని తెలుసుకున్న విద్యార్థి జనకం అంటే ఏమిటో ఇక మరిచిపోడు. మరో చిన్న విషయం: కీల కోసం పైథాన్‌లోని మామూలు యాదృచ్ఛిక సంఖ్యల మాడ్యూల్‌ను వాడనివ్వకండి. దాని నుంచి వరసగా 624 ముప్పై రెండు బిట్ల సంఖ్యలు చూసినవాడు తరవాతవన్నీ చెప్పేయగలడు. సీక్రెట్స్ అనే మాడ్యూల్ ఇందుకోసమే ఉంది.

నిరూపణల సంగతి. సింగిల్టన్ హద్దు (కోడ్ పొడవు, కనిష్ఠ దూరం నుంచి దాని పరిమాణానికి వచ్చే మరో పరిమితి), హామింగ్ హద్దు, కనిష్ఠ దూరానికీ దిద్దుబాటుకూ ఉన్న సంబంధం, షానన్ గోప్యతా సిద్ధాంతం, ఆర్ఎస్ఏ సరితనం, ఈ అయిదూ పూర్తిగా చేయించండి. బీసీహెచ్ డీకోడింగ్, క్రిప్టాలజీలో వాడే దీర్ఘవృత్త వక్రాల మీద సంకలనానికి సాహచర్య ధర్మం వంటివి ఫలితం చెప్పి వదిలేయవచ్చు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్ళ కోసం ప్రతి నిర్వచనాన్నీ ముందు తెలుగు వాక్యంగా చెప్పి, తరవాతే ఇంగ్లిషు పదం రాయండి. క్షేత్రం, వలయం, మాత్రిక వాళ్ళకు కొత్త మాటలు కావు.

చివరి వారం మెక్‌ఎలీస్ పద్ధతికి అట్టేపెట్టండి. 1978లో వచ్చిన ఈ పద్ధతిలో సందేశాన్ని కోడ్‌పదంగా మార్చి, పంపేవాడే కావాలని కొన్ని తప్పులు కలుపుతాడు. కోడ్ నిర్మాణం తెలిసినవాడికి ఆ తప్పులు తీసేయడం సులువు, తెలియనివాడికి బహిరంగ కీగా ఇచ్చిన కోడ్ మాత్రిక అర్థంపర్థం లేనిదిగా కనిపిస్తుంది. సెమిస్టరంతా శత్రువుగా చూసిన తప్పు ఇక్కడ తాళమైంది. కీ చాలా పెద్దది, ఇప్పటి రూపాల్లో చిన్నదానికే రెండున్నర లక్షల బైట్లకు పైగా ఉంటుంది. అందుకే దశాబ్దాలపాటు ఎవరూ పెద్దగా వాడలేదు. 1994లో పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడదీసే షోర్ పద్ధతి వచ్చాక క్వాంటమ్ కంప్యూటర్లు ఆర్ఎస్ఏను విరగ్గొట్టగలవని తేలడంతో, కోడ్‌ల మీద ఆధారపడిన పద్ధతులకు మళ్ళీ విలువ పెరిగింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో క్వాంటమ్ దాడులను తట్టుకునే మూడు కొత్త ప్రమాణాలు ప్రకటించి, 2025 మార్చిలో కోడింగ్ సిద్ధాంతం మీద నిలిచిన హెచ్‌క్యూసీ అనే పద్ధతిని కూడా ఎంచుకుంది. ఈ రెండు సబ్జెక్టులనూ ఒకే పేపరులో ఎందుకు పెట్టారని మీ సహాధ్యాపకులు అడిగితే ఈ వారపు పాఠానికి వాళ్ళను పిలవండి.

పరీక్ష గురించి మీరు అడగలేదుగానీ ఒక మాట. ప్రతి విద్యార్థికీ వేరే అంకెలతో ప్రశ్నపత్రం ఇవ్వండి, హాల్‌టికెట్ నంబరు చివరి అంకెలు వాడితే సరిపోతుంది. దాడి చేయమని ఇచ్చే అభ్యాసాలన్నీ మీరు తయారుచేసిన సందేశాల మీదే ఉండాలి, కళాశాల వైఫై మీద ప్రయత్నించడం ఐటీ చట్టం కింద నేరమని మొదటి వారంలోనే చెప్పండి. చివరి ప్రశ్నగా నేను ఏటా టీకొట్టు స్టిక్కరునే ఇస్తాను: అతికించిన దొంగ స్టిక్కరును ఫోను గుర్తించాలంటే ఆ కోడ్‌లో ఇంకా ఏం ఉండాలి, దానికి కీ ఎవరి దగ్గర ఉండాలి, మరో కొట్టులోని అసలు స్టిక్కరునే ఫొటో తీసి ఇక్కడ అతికిస్తే అప్పుడేం చేస్తారు? మూడో భాగానికి డిజిటల్ సంతకం (రహస్య కీతో వేసే, ఎవరైనా సరిచూసుకోగల గుర్తు) ఒక్కటే సరిపోదని, డబ్బు పంపే ముందు తెర మీద కనిపించే పేరును మనిషి చూసుకోవాల్సిందేనని రాసినవాళ్ళకు నేను పూర్తి మార్కులు వేస్తాను.